ఐదు మీద ఈక

ఊరంతా మానోంగ్, అంటే పెద్దన్న, అని పిలిచే కార్పో ఒక్క కౌజుపిట్ట గుడ్డు ఒలిపించి మనిషి జాతకం మొత్తం చెప్పేస్తాడు. కోపం ఎంత, రక్తపోటు ఎంత, ఇంట్లో పెళ్లాంతో మాటలున్నాయా లేవా, అన్నీ. ఓ ఓడల కంపెనీ యజమాని దగ్గర అంగరక్షకుడిగా చేస్తున్నవాడు గుడ్డు సగం ఒలిచాడో లేదో, "నీకీ ఉద్యోగం వద్దు అబ్బాయ్, బేకరీలో చేరు" అన్నాడట. ఆ మనిషి ఇప్పుడు మోలోలో బిస్కెట్లు కాలుస్తూ మనశ్శాంతిగా ఉన్నాడు. ఇలోయిలో ఊళ్లో ఈ కథ నమ్మనివాడు లేడు. ఆ బిస్కెట్లు తిన్నామని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు.

ఇంతకీ కార్పో గుడ్ల వ్యాపారీ కాదు, జ్యోతిష్కుడూ కాదు. పిస్టల్ ట్రిగ్గర్లు అమ్ముతాడు, బిగిస్తాడు. పావియాలో పిస్టళ్లు కాల్చే రేంజిలో పాత టైర్ల గోడ ఎక్కడ ఆగుతుందో అక్కడ ఆయన గది మొదలవుతుంది. ఇద్దరు మనుషులు లోపలుంటే మూడోవాడు గుమ్మంలో నిలబడి మాట్లాడాలి. గోడ నిండా బిస్కెట్ డబ్బాలు, డబ్బాల నిండా స్ప్రింగులు, పిన్నులు, ట్రిగ్గర్లు. ఏ డబ్బా మీదా పేరుండదు. ఏ స్ప్రింగు అడిగినా ఆయన చెయ్యి నేరుగా ఆ డబ్బాలోకే పోతుంది.

కొత్త పిస్టల్‌తో వచ్చే ట్రిగ్గర్ ఎవరికీ నచ్చదు. ఇసుకలో బస్తా ఈడ్చినట్టుందని ఒకడంటాడు, తుప్పు పట్టిన తలుపు తీసినట్టుందని ఇంకొకడు. పోటీల్లో కాల్చేవాళ్లకైతే అసలు గిట్టదు. వాళ్లకి బల్లపరుపు ట్రిగ్గర్ కావాలి, వెంట్రుకవాసి కదిలితే పేలాలి, స్ప్రింగు మెత్తగా ఉండాలి, రంగు ఎర్రగా ఉంటే మరీ మంచిది. ఫోనులో వీడియోలన్నీ చూసేసి, భాగాల పేర్లు బట్టీపట్టి, కార్పో ముందుకొచ్చి ఒప్పజెబుతారు. ఆయన పాపాలు వినే ఫాదరీలా తల వంచుకుని అంతా వింటాడు. వాళ్లకి ఊపిరి అయిపోయాక అడుగు సొరుగు లాగి, ఉడికించిన కౌజు గుడ్ల సంచీ, ఉప్పు సీసా బల్ల మీద పెడతాడు.

"ఒలువు."

అంతే. గుడ్డు వంక చూడడు. ఒలిచే చూపుడువేలి వంక చూస్తాడు. కౌజు గుడ్డు సంగతి తెలిసిందే కదా, గోరంత ఉంటుంది, పెంకు కాగితంలా ఉంటుంది, పెంకు కింద పొర ఒకటి మొండికేస్తుంది. తొందరపడితే తెల్లసొన చిరుగుతుంది. చిరిగిందంటే బరువు స్ప్రింగే. వేలు ఎక్కడ ఆగాలో తెలియనివాడికి మెత్తటి ట్రిగ్గర్ ఇవ్వడం కార్పో శాస్త్రంలో లేదు.

పోలీసు మేజర్ పాదెర్నాల్ వచ్చినప్పుడు గుడ్డు ఆయన పిడికిట్లోనే పచ్చడైంది. ఎనిమిది పౌండ్ల స్ప్రింగు తీసి ముందు పెట్టాడు కార్పో. తనకు ఇరవయ్యేళ్ల సర్వీసుందని మేజర్ గుర్తుచేశాడు. "ఆ సంగతి గుడ్డుకి తెలీదు కదా సర్" అన్నాడు కార్పో.

చెరకు తోటల దోన్ హెర్మో అమెరికా నుంచి తెప్పించిన భాగాలు వెల్వెట్ డబ్బాలో పెట్టుకుని వచ్చాడు. తొమ్మిది గుడ్లు ఒలిచాడు, తొమ్మిదీ చింపాడు, ఒలిచినవి వృథా కాకూడదని తొమ్మిదీ తిన్నాడు. కార్పో డబ్బా మూత వేసి తిరిగి చేతిలో పెట్టాడు. ఇవి అద్దాల బీరువాలో పెట్టుకుంటే ఇంటికి చాలా అందం వస్తుందని సలహా కూడా ఇచ్చాడు. పళ్ల డాక్టరు మారిబెత్ కటాల్బాస్ మాత్రం పెంకంతా ఒకే రిబ్బనులా తీసి బల్ల మీద పెట్టింది. ఆయన మారు మాట్లాడకుండా కొట్లో ఉన్నవాటిలోకెల్లా తేలికైన స్ప్రింగు తీసి బిగించాడు. రేంజి క్లబ్బులో మగవాళ్లంతా వారం రోజులు ఆవిడతో సరిగా మాట్లాడలేదు.

దానితో ఊరు ఊరంతా రహస్యంగా గుడ్లు ఒలవడం మొదలుపెట్టింది. లాపాజ్ మార్కెట్లో కౌజు గుడ్లు దొరకడం మానేశాయి. మా ఆయన స్నానాల గదిలో తలుపేసుకుని గంటసేపు గుడ్లు ఒలుచుకుంటున్నాడు, ఆ మనిషికేమైందో చూడండని ఓ ఇల్లాలు చర్చికెళ్లి మొరపెట్టుకుంది. ఫాదరీ ఆవిడకి ధైర్యం చెప్పి పంపించి, మర్నాడు తన పిస్టల్ పట్టుకుని కార్పో దగ్గరికొచ్చాడు.

ఈ గుడ్ల భాగోతాన్ని అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసినవాడు రామిల్ సోబ్రెవేగా. హారో పేటలో జీప్నీ బండ్ల విడిభాగాల కొట్టు అతనిది. నలభై ఆరేళ్లు, నాలుగేళ్లుగా క్లబ్బు ఛాంపియన్, నోరు మాత్రం అంతకు ముందు నుంచే ఛాంపియన్. కార్పో గదికి గుడ్ల ఆసుపత్రి అని పేరు పెట్టింది అతనే. ఆయన అటుగా నడిచి వెళ్తుంటే కోడిలా కొక్కొక్కో అనేవాడు. కార్పో అరవై ఎనిమిదో పుట్టినరోజుకి పంజరంలో బతికున్న కౌజుపిట్టని పెట్టి, మెడకి ఎర్ర రిబ్బను కట్టి, క్లబ్బందరి ముందూ బహూకరించాడు. ఇక సరుకు బయట కొనక్కర్లేదు మానోంగ్ అన్నాడు. జనం కింద పడి నవ్వారు. కార్పో పిట్టని పైకెత్తి తోక కింద చూశాడు.

"మగది తోతో. గుడ్లు పెట్టదు."

తోతో అంటే ఆ ఊళ్లో పెద్దవాళ్లు పిల్లల్ని పిలిచే పిలుపు. నలభై ఆరేళ్ల ఛాంపియన్‌ని అందరి ముందూ అలా పిలవగలిగింది కార్పో ఒక్కడే. పిట్ట పేరు కూడా ఛాంపియన్ అని పెట్టుకుని పెంచుకుంటున్నాడు.

అలాంటి రామిల్‌కి క్రిస్మస్ వెళ్లగానే కుడి చూపుడువేలి కొన తిమ్మిరెక్కింది. తిమ్మిరి రావడం అయితే వచ్చింది గానీ పోలేదు. చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఆ వేలు ఎవరిదో పక్కవాడిదిలా ఉండేది. నట్లు, బోల్టులు తిప్పే చెయ్యి, సర్దుకుంటుందిలే అనుకున్నాడు. పెళ్లానికి చెప్పలేదు. ఛాంపియన్‌కి వేలు మొద్దుబారిందని ఒకరికి చెబితే సాయంత్రానికి హారో అంతా వినిపిస్తుంది. ఇతరుల సంగతులు అతను అలాగే వినిపించేవాడు మరి.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పొద్దున్నే ఒక్కడే రేంజికి వెళ్లాడు. ఒక్కళ్లే కాల్చకూడదని నియమం ఉంది. ఛాంపియన్లకి వర్తించదని అతని అభిప్రాయం. నడుం దగ్గరున్న ఒర నుంచి పిస్టల్ లాగాడు. గొట్టం ఇంకా పైకి లేవనే లేదు, పేలింది. కుడి బూటు పక్కన మట్టి ఎగిరి పాంటు మీద పడింది.

రామిల్ చాలాసేపు కదల్లేదు. తను ట్రిగ్గర్ నొక్కినట్టు వేలికి తెలియనే తెలియదు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు, కంచె దగ్గర కుక్క ఒకటి ఉంది. అది కూడా చూసి మొహం తిప్పుకుంది. ఎడం కాలితో మట్టి తోసి, ఆ చిల్లు పూడ్చి, పైన రెండుసార్లు తొక్కి ఇంటికెళ్లిపోయాడు. దారిలో ఏ కారణమూ లేకుండా పెళ్లానికి బిబింకా కొన్నాడు. పండగా పబ్బమూ లేకుండా రొట్టె తెచ్చిన మొగుణ్ణి చూసి ఆవిడ, ఏం తప్పు చేశావని అడిగింది.

అలాంటి పేలుడు ఎవరి కంటైనా పడితే ఆ మనిషి పిస్టల్ క్లబ్బు ఇనప్పెట్టెలోకి వెళ్తుంది. విచారణ అయ్యేదాకా రాదు. జూన్‌లో పనాయ్ దీవి జట్టుకి ఎంపిక పోటీలున్నాయి. అయిదుగురిని తీసుకుంటారు, గెలిచినవాడు నాయకుడు. అది తనదేనని రామిల్‌కి ఎంత నమ్మకమంటే, జనవరిలోనే కొట్టు మీద ఎనిమిదడుగుల టార్పాలిన్ కట్టించేశాడు. రెండు చేతులూ కట్టుకుని నవ్వుతున్న తన బొమ్మ, కింద "మన జట్టు నాయకుడు, మన హారో గర్వం, ఇట్లు ఇరుగుపొరుగువారు" అని అక్షరాలు. ఇరుగుపొరుగు వారికి ఆ సంగతి టార్పాలిన్ చూశాకే తెలిసింది. ఇప్పుడు రోజూ తలుపు తాళం తీస్తూ ఆ బొమ్మకేసి చూడకుండా లోపలికి దూరిపోతున్నాడు.

పైగా గురి ఎడమకి జారిపోతోంది. వేలికి తెలియక గట్టిగా పీకుతున్నాడు. ట్రిగ్గర్ ఇంకా తేలికైతే పీకాల్సిన పని ఉండదు కదా అని ఒక ఉపాయం తట్టింది. సిగ్గు ఎక్కువైనవాడికి తట్టే ఉపాయాలు ఇలాగే ఉంటాయి.

అయితే అతను కాల్చే తరగతిలో ఒక తూకం ఉంది. పోటీకి ముందు ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్‌కి అయిదు పౌండ్ల బరువు తగిలించి పైకెత్తుతారు. బరువు గాల్లో వేలాడాలి. పిస్టల్ టక్ మందో, ట్రిగ్గర్ మరీ తేలికన్నమాట. ఆ మనిషిని తీసుకెళ్లి దుర్భిణీలు బిగించుకున్న పై తరగతి రాక్షసుల మధ్య పడేస్తారు. అందుకని ప్రతివాడి కోరికా ఒకటే, ఐదు మీద ఈక. అయిదు పౌండ్లూ ఆపాలి, పైన ఈక పడితే పేలాలి.

మార్చిలో రామిల్ ఎర్రటి బల్లపరుపు ట్రిగ్గరూ, మనీలా నుంచి తెప్పించిన అన్నిటికంటే మెత్తటి స్ప్రింగూ తెచ్చి కార్పో బల్ల మీద పడేశాడు. గుడ్డు బయటికొచ్చింది. నలుగురూ గుమ్మంలో మూగారు, ఛాంపియన్ ఒలుపు చూడాలని. ఎగతాళి ఎంత చేసినా రామిల్ గుడ్డు ఒలిస్తే ముచ్చటగా ఉండేది. ఈసారి గుడ్డు చేతిలోంచి జారి, ఉప్పు సీసాకి తగిలి, చిరిగి పడింది. పాత గుడ్డన్నాడు. రెండోదానికి వేలు సొన లోపలికే దిగిపోయింది. ఆ కోడి ఎవరో గానీ సరిగా తిండి తినలేదన్నాడు.

"కోడి కాదు. కౌజు" అన్నాడు కార్పో.

మూడో గుడ్డు ముట్టుకోకుండా చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు రామిల్. ఇక ఎనిమిది పౌండ్ల స్ప్రింగు గురించి ఉపన్యాసం తప్పదనుకున్నాడు. కార్పో ఉపన్యాసం ఇవ్వలేదు. గుడ్లు సొరుగులో పెట్టేసి, పిస్టల్ తీసుకుని, వచ్చే శనివారం రమ్మన్నాడు.

"ఐదు మీద ఈక కదా మానోంగ్?"

"నీ వేలికి ఏది సరిపోతుందో అది పెడతాను."

శనివారం రామిల్ ఖాళీ పిస్టల్ చేతిలోకి తీసుకుని నొక్కి చూశాడు. ఎక్కడా గరుకు లేదు, ఆటంకం లేదు, తేనెలో చెంచా కదిలినట్టు కదిలింది. వెన్న, మానోంగ్, వెన్న అన్నాడు. కార్పో ఒక్క షరతు పెట్టాడు. ప్రతి శనివారం వచ్చి తన ముందు ఒక గుడ్డు ఒలిచి వెళ్లాలి. ఎందుకంటే స్ప్రింగు కుదురుకోవాలి అన్నాడు.

ఆ ఒక్క మాట మీదే రామిల్ మూడు నెలలు బతికాడు. ఎక్కడ నలుగురు కూర్చుంటే అక్కడ అదే కథ. గుడ్డు ఒలిస్తే స్ప్రింగు కుదురుకుంటుందట, టైరుకి పాలు పోస్తే గాలి నిలుస్తుందట, ముసలాడికి మతి పోయింది. అయినా చివరికి ఎవరి మాట నెగ్గింది, గుడ్డు చిరిగినా నోరు మూసుకుని ఐదు మీద ఈక పెట్టాడా లేదా. ఈ ముక్క కార్పో వినేలా చెప్పేవాడు. ఆయన వినేవాడు, అవునని గానీ కాదని గానీ అనేవాడు కాదు. ప్రతి మాటనీ దిద్దే మనిషి ఆ ఒక్క మాటనీ దిద్దకపోవడం విడ్డూరమే. రామిల్ గమనించలేదు. తన గొంతు వినిపిస్తుండగా అతను ఇంకేదీ గమనించడు.

ఏప్రిల్ పోటీ గెలిచాడు, మే పోటీ గెలిచాడు. గురి తిరిగి మధ్యకొచ్చింది. ఏప్రిల్‌లో మాత్రం, మూడో వరస కాల్పుల్లో, పిస్టల్ ఒర నుంచి లాగుతుండగా ఏదో అడ్డుపడి ఆగినట్టనిపించింది. చొక్కా అంచనుకుని వదిలేశాడు.

జూన్‌లో ఎంపిక పోటీ వచ్చింది. జలసంధి అవతల బకోలోద్ నుంచి ఫెర్రీ దిగి వచ్చిన లాయరు, అటార్నీ గుంబాన్, తూకం బల్ల దగ్గర కూర్చున్నాడు. నవ్వితే నోటీసు వస్తుందేమో అన్నట్టుండే మనిషి. ఆయనతో వచ్చిన సరదా మనిషి పోన్సింగ్ పక్కనే నిలబడ్డాడు. ఈ ఈక సంగతి ఫెర్రీలోనే విన్నామనీ, ఈ పిస్టల్‌ని ఒకటికి మూడుసార్లు తూచాల్సిందేననీ పట్టుబట్టాడు.

మూడుసార్లూ తూచారు. మూడుసార్లూ అయిదు పౌండ్లు వేలాడింది. రామిల్ ఛాతీ టార్పాలిన్ మీదున్నంత అయింది.

"ఇప్పుడు ఈక వెయ్యండి అటార్నీ. వేసి చూడండి" అన్నాడు.

ఈక ఎక్కడా దొరక్క ఎవరో పుల్ల వేశారు. ఏం కాలేదు. పోన్సింగ్ బరువుకి ఒక సంచీ తగిలించి ఎండబెట్టిన మామిడి పండ్ల పొట్లం వేశాడు. ఏం కాలేదు. నీళ్ల సీసా వేశారు, ఆరు దాటింది. ఎవరిదో మధ్యాహ్నం భోజనం డబ్బా వేశారు, ఏడు దాటింది. అప్పటిదాకా నవ్వుతున్నవాళ్లు చూడటం మొదలుపెట్టారు. పోన్సింగ్ తన బెల్టు విప్పి వేశాడు. పాతిస్ అనే చేపల సాసు సీసా వచ్చింది. ఎవరో పిల్లదాని బొమ్మ వచ్చింది. అటార్నీ చెయ్యి వణుకుతోంది గానీ ట్రిగ్గర్ కదల్లేదు. తొమ్మిది పౌండ్లు దాటాక, దేవుడా అన్నట్టు, టక్ మంది.

"ఇది ట్రిగ్గరా, నీ కొట్లో మిగిలిపోయిన బ్రేకు పెడలా?" అన్నాడు పోన్సింగ్.

జనం పగలబడి నవ్వారు. బరువు ఎక్కువైతే తప్పని ఏ నియమంలోనూ లేదు కాబట్టి అటార్నీ గుంబాన్ సరేనని రాసుకుని, జీవితంలో మొదటిసారి మూతి ఒకపక్కకి కదిలించాడు. డాక్టరు మారిబెత్ మాత్రం నవ్వలేదు. ఆవిడ పిస్టల్ తీసుకుని, కళ్లు మూసుకుని, ఒకసారి నొక్కి చూసింది.

"రామిల్, ఇది నీకు తెలీలేదా?"

నెమ్మదిగానే అడిగింది. అయినా నవ్వు ఆగిపోయింది. అరపౌండు తేడా నిద్రలో కూడా వేలికి తెలిసే మనుషులు అంతా. తొమ్మిది పౌండ్లని అయిదని మూడు నెలలు ఊరంతా చాటినవాడి చేతికేసి అందరి చూపులూ ఒకేసారి తిరిగాయి. రామిల్ ఆ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. పిస్టల్ లాక్కుని టైర్ల గోడ వెంట దాదాపు పరిగెత్తాడు.

కార్పో బల్ల దగ్గర కూర్చుని ఏదో పిన్నుకి ఆకురాయి పడుతున్నాడు.

"నన్ను జోకర్ని చేశారు మానోంగ్. ఇన్నాళ్లు నేను చేసిన ఎగతాళికి బదులు తీర్చుకున్నారు. బావుంది."

"తలుపు వేసి రా" అన్నాడు కార్పో.

తలుపు వేశాక పిన్ను పక్కన పెట్టాడు.

"ఫిబ్రవరిలో, మంగళవారం. మూడో జెండా కర్ర దగ్గర. ఎడం కాలితో పూడ్చావు."

రామిల్‌కి నిలబడడానికి చోటు లేనట్టయింది. ఆ గదిలో నిజంగానే చోటు లేదు. స్ప్రింగుల డబ్బాకి ఆనుకున్నాడు. ఎవరూ లేరే, కుక్క తప్ప అని ఏదో గొణిగాడు. టైర్ల వెనక మరుగుదొడ్డి ఉందనీ, దానికి కిటికీ ఉందనీ కార్పో చెప్పాడు. ఆ రోజు అందులో ఉన్నది తనేనట. శబ్దం విని చూసేసరికి ఛాంపియన్ మట్టి తొక్కుతున్నాడు.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను. నెల రోజులు చూశాను. నువ్వు మెత్తటి స్ప్రింగు పట్టుకొచ్చావు."

రామిల్ తల దించుకున్నాడు. కార్పో మాత్రం అతని వంక కాక అతని వేలి వంక చూస్తూ మాట్లాడాడు. అది ఆయనకి అలవాటు. నేను కాదంటే నువ్వు ఆ మెత్తటి స్ప్రింగు ఇంకోచోట బిగించుకునేవాడివి అన్నాడు. అందుకని తొమ్మిది పౌండ్లు పెట్టాను. మొద్దుబారిన వేలు కూడా నిజంగా కావాలనుకుంటే తప్ప లాగలేనంత. అయితే తొమ్మిదని తెలిస్తే పీకి పారేస్తావు. తొమ్మిదిని అయిదులా నడిపించడానికి లోపలి ప్రతి ముక్కనీ ఆరు రోజులు నునుపు చేశాను. ఇంత పని నా జీవితంలో ఎవరి పిస్టల్‌కీ చెయ్యలేదు. గుడ్లు స్ప్రింగు కోసం కాదు. వారం వారం ఆ వేలు బాగవుతోందా, ఇంకా పాడవుతోందా చూడాలి కదా.

"బాగవుతోందా?" అన్నాడు రామిల్.

"లేదు. మణికట్టు చూపించుకో. మా చెల్లెలికి ఇలాగే ఉంటే చిన్న కోత పెట్టారు. ఇప్పుడు సూదిలో దారం ఎక్కిస్తుంది."

ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు కార్పో, ఏప్రిల్‌లో మూడో వరసలో ఒర నుంచి లాగుతుండగా నీ వేలు ముందే ట్రిగ్గర్ మీద పడింది, అప్పుడది కదల్లేదు, నేను చూశాను అని. ఆ క్షణం ఏదో అడ్డుపడ్డ సంగతి రామిల్‌కి గుర్తొచ్చింది. చొక్కా అంచు కాదన్నమాట. ఆనుకున్న డబ్బా మీదే కూర్చున్నాడు. ఈయన్ని చూసి కోడిలా కూసిన ప్రతి కూతా ఒకదాని వెనక ఒకటి చెవిలో వినిపించింది. నలుగురిలో ఈయన్ని మతిపోయినవాడన్నాడు. ఈయనకి ఒక్క మాటతో తన టార్పాలిన్ దింపేయగల శక్తి ఉంది. మూడు నెలలు ఆ మాటని నోట్లోనే పెట్టుకుని, మతిపోయినవాడిలానే తిరిగాడు.

"నాకూ సిగ్గుగానే ఉంది తోతో" అన్నాడు కార్పో. "నోటితో చెప్పాల్సింది ఇనుముతో చెప్పాను. ఏప్రిల్‌లో అది కదిలి ఉంటే నేనేం చేసేవాణ్ణి? నా వంతు నేను వెళ్లి చెప్తాను."

"మీరు కూర్చోండి మానోంగ్. చిల్లు నాది."

బయట వరసలు కడుతున్నారు. రామిల్ నేరుగా తూకం బల్ల దగ్గరికి నడిచి, పిస్టల్ ఖాళీ అని చూపించి, అటార్నీ గుంబాన్ ముందు పెట్టాడు. తరవాత అందరి వైపూ తిరిగాడు. నాలుగేళ్లుగా ఆ జనం ముందు మాట్లాడటానికి తడుముకోని మనిషి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నిలబడ్డాడు. క్రిస్మస్ నుంచి వేలు మొద్దుబారిందన్నాడు. ఫిబ్రవరిలో ఒంటరిగా వచ్చానన్నాడు. ఎక్కడ పేలిందో, ఎలా పూడ్చాడో, ఏ కాలితో తొక్కాడో కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ మూడో జెండా కర్రకేసే చూశాడు. ఎవరూ నవ్వలేదు. పోన్సింగ్ తన బెల్టు పెట్టుకుంటూ నేల చూపులు చూస్తున్నాడు. అతనికీ ఎక్కడో ఒక చిల్లు ఉందేమో.

అటార్నీ గుంబాన్ కాగితం తీసి రాశాడు. డాక్టరు సంతకం వచ్చేదాకా పిస్టల్ ఇనప్పెట్టెలో, రామిల్ పేరు జాబితాలోంచి బయట, అతని వంతు డాక్టరు కటాల్బాస్‌కి. ఆవిడ నోరు తెరిచే లోపే రామిల్ ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఇక గెలిచేది ఆవిడేననీ, జట్టు నాయకురాలి టార్పాలిన్ తనే కట్టిస్తాననీ అన్నాడు. వద్దని ఆవిడ గట్టిగా చెప్పింది.

అక్కడితో ఆగితే బావుండేది. కానీ రామిల్ రామిలే. గుండెలో బరువు దిగేసరికి నోరు తన పాత దారిలోకి వచ్చేసింది. కార్పో గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. రామిల్ ఆయన వైపు చెయ్యి చాపాడు.

ఈ మనిషిని మతిపోయినవాడన్నాను, సోదరులారా అన్నాడు. ఇలోయిలోలో ఇంత గొప్ప పనివాడు పుట్టలేదు, ఇక పుట్టడు. ఏప్రిల్‌లో, మూడో వరసలో, నా తూటా సరాసరి నా గుండెకేసి వస్తుంటే ఈయన తొమ్మిది పౌండ్ల స్ప్రింగుతో దాన్ని గొట్టంలోనే ఆపేశాడు. మా ఆవిడ ఈపాటికి నల్లబట్టలు కట్టుకుని ఉండేది. నా పిల్లలు తండ్రి లేనివాళ్లయ్యేవాళ్లు. నా సమాధి మీద పూలు కూడా వాడిపోయి ఉండేవి. చెబుతూ చెబుతూ అతనికే కళ్లలో నీళ్లు తిరిగాయి. మేజర్ పాదెర్నాల్ టోపీ తీసేశాడు. వెనకెవరో చప్పట్లు మొదలుపెట్టారు.

"ఈ మానోంగ్ నా ప్రాణం కాపాడాడు" అని ముగించాడు రామిల్.

చప్పట్లు ఆగేదాకా కార్పో ఓపిగ్గా నిలబడ్డాడు.

"ప్రాణం కాదు" అన్నాడు. "కుడికాలి చిటికెన వేలు."